నాలుగు గంటలకో చెంచా

ఇక కోలుకోరని తేలినవాళ్లకు నొప్పి తెలియకుండా చూసేందుకు ఇంటింటికీ తిరిగే నర్సు ఆమె. అడుగు చప్పుడు వినబడదని అందరూ మెల్లమ్మ అనేవారు. ఇరవై ఏళ్లుగా చావును దగ్గరనుంచి చూసినా ఎప్పుడూ జంకలేదు. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఇంట్లో మాత్రం పట్టపగలే ఆమె వెన్ను జలదరించింది.

ఆయనకు ఎముకల్లోకి పాకిన క్యాన్సర్. చూసుకునేది పెళ్లి మానుకున్న చెల్లెలు. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ సిరప్ పట్టినట్టు కాగితం మీద వరసగా టిక్కులున్నాయి. సీసాలోనూ అంతే తగ్గింది. అయినా ఆయన పళ్లు బిగబట్టి మూలుగుతున్నాడు.

"ఏంటోనమ్మా, అన్నయ్యకి మందు పనిచెయ్యడంలేదు," అంది చెల్లెలు, నిద్రలో మాట్లాడినట్టు. పెదవుల మీద నవ్వు అలాగే నిలిచిపోయింది.

కర్టెన్లు వేసిన గది. ఆ మసకలో ఎవరి కంటిపాపలైనా పెద్దవవ్వాలి. పెద్దాయనవి అలాగే పెద్దగా ఉన్నాయి. చెల్లెలివి మాత్రం సూదిమొనలంత, మార్ఫిన్ తాగినవాళ్లవిలా.

నోటిదాకా వచ్చిన మాటను మెల్లమ్మ మింగేసింది. నింద వేస్తే చెల్లెలు తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు వెనక ఆయన మిగిలిపోతాడు. వరండాలోకి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేసి, చూసింది చూసినట్టు చెప్పింది. డాక్టరు చెప్పిన మోతాదు తన చేత్తోనే పట్టించి, మంచం పక్కన కూర్చుంది.

అరగంటకు మూలుగు ఆగింది. చెల్లెలు మాత్రం ఖాళీ చెంచానే చూస్తోంది.

"నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది, చెల్లెమ్మా?" అని అడిగింది మెల్లమ్మ.

ఆ మాటకు ఆమె కూలబడిపోయింది. "ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నానమ్మా. మూలుగు ఎవరింట్లోదో అన్నట్టు దూరమైపోయింది. ఆ తర్వాత మానలేకపోయా. అన్నయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండేవాడు. నేను తాగేదాన్ని."

జరిగినదంతా మెల్లమ్మ కాగితం మీద పెట్టి, ఆమెకే ముందు చదివి వినిపించింది. సీసా తాళం పెట్టెలోకి వెళ్లింది. పూటపూటకూ నర్సులే వచ్చి మందు పట్టేవారు. డాక్టరు చెల్లెలికీ వైద్యం మొదలుపెట్టాడు.

మర్నాడు పెద్దాయన తేటగా కళ్లు తెరిచాడు. "నాకు తెలుసు. చెప్తే దాన్ని నా దగ్గర ఉండనివ్వరని నోరు మెదపలేదు."

పదకొండో రోజు మధ్యాహ్నం, చెల్లెలి చేతిలో చెయ్యి ఉంచి, నొప్పి లేకుండా కన్నుమూశాడు.

"ఇంకా మూలుగుతున్నాడమ్మా," అంది చెల్లెలు ఆ సాయంత్రం, ఖాళీ మంచం పక్కన గోడకు చెవి ఆనించి.

మెల్లమ్మ ఆ రాత్రి ఇల్లు కదల్లేదు. మర్నాడు పొద్దున్నే ఆమెను తనే ఆసుపత్రికి తీసుకెళ్లి చేర్పించింది.