డోలు దగ్గర ఆపేసిన టేపు

"మా నాన్న డోలు మొదలవగానే రికార్డింగ్ ఆపేశారా? చేతులెలా వచ్చాయండీ మీకు?"

"నేను పెట్టింది సన్నాయి కోసమోయ్, మీ నాన్న దరువు కోసం కాదు! క్యాసెట్టు చాలొద్దూ?"

ఎనభై ఎనిమిదిలో, తెనాలిలో సీతాపతిగారి వరండాలో జరిగిన గొడవ ఇది. ఆదివారం అక్కడ చేరి ఎవరేం వింటున్నామో చెప్పుకునేవాళ్లం. అలా అడిగిన ఖాదర్‌వలి తండ్రి అప్పటికే చనిపోయాడు. ఆయన రేడియోలో వాయించింది ఆ ఒక్క కచేరీలోనే. సీతాపతి రిటైరైన పోస్టాఫీసు గుమస్తా. ముప్పయ్యేళ్లు సంగీతం విన్నాడు గానీ ఒక్క స్నేహితుణ్ణీ నిలుపుకోలేదు. నాకూ ఆయనంటే ఒళ్లుమంట.

ఖాదర్ క్యాసెట్టు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. నేనూ లేస్తుంటే సీతాపతి చెయ్యి పట్టుకున్నాడు.

"కాలేజీ మానేసి ఊళ్లు తిరుగుతున్నావుగా. బాపట్లలోనో రేపల్లెలోనో ఆ కచేరీ మొత్తం టేపుకెక్కించినవాడు ఎవడో ఉంటాడు. వెతికి ఆ టేపు ఖాదర్‌కియ్యరా. నా పేరు మాత్రం చెప్పకు."