పిలవకుండా వదిలొచ్చిన పిల్ల

రాములమ్మ తన జన్మలో చేసిన ప్రయాణాలన్నీ దేవుడి కోసమే. శివరాత్రికి కోటప్పకొండ, మొక్కుంటే మాచర్ల చెన్నకేశవస్వామి, ఒకే ఒక్కసారి తిరుపతి. ఊరికే ఒక చోటు చూసి రావడానికి బస్సెక్కిన మనిషి కాదు. "యాత్రకు పోయేది మనం సామిని చూడ్డానికి కాదే, సామి మనల్ని చూడ్డానికి" అని అత్తగారు అంటుండేది. అలాంటి రాములమ్మ ఆ వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, సెల్‌ఫోన్లు పట్టుకున్న టూరిస్టుల పక్కన పడవలో కూర్చుంది. పోతున్నది తన సొంత ఊరికే.

ఏటిగట్టుపాలెం ప్రాజెక్టు నీళ్ళలో మునిగి పదేళ్ళు పైమాటే. జనమంతా బెల్లంకొండ దగ్గర కాలనీకి వచ్చేశారు. రాములమ్మ మిరపకోతలకు పోతుంది, కోతలు లేనప్పుడు నాపరాళ్ళ పనికి పోతుంది. కాలనీలో ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చునేది ఆమే. ఆ ఏడు వానల్లేక కృష్ణ బాగా దిగిపోయి ఊరి మొండిగోడలు బయటపడ్డాయి. ఎవరో వీడియో తీసి పెట్టారు. ఇంకేముంది, ఆదివారం వస్తే జనం. వాళ్ళను పడవలో దాటించే పెదకోటయ్య అదే ఊరివాడు, రాములమ్మకు వరసకు మరిది.

"ఏంది వదినా, నువ్వు గూడా టూరిస్టువై పోయావా?" అన్నాడు నవ్వుతూ.

"నీ ఎకసెక్కాలు ఆపి ఇంజను లాగు కోటయ్యా."

కోటయ్య ఆమె మొహం చూసి మరి నవ్వలేదు. తన తువ్వాలు మడిచి, ఎండకు కాలిపోతున్న బల్లమీద ఆమె కోసం పరిచాడు.

ఆమె ఎందుకొస్తున్నదో అతనికి తెలుసు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ తమ పెద్దల్ని పిలుచుకున్నారు. గడప అవతల నిలబడి, పసుపునీళ్ళు చల్లి, చనిపోయిన ఒక్కొక్కరినీ పేరుపెట్టి "కొత్తింటికి పోదాం రండి" అనాలి. గడప దాటితేనే వాళ్ళు వెంట వస్తారని నమ్మకం. ఆ తర్వాతే తలుపులూ ద్వారబంధాలూ గడపలూ పెరికి ట్రాక్టర్లకెక్కించారు. రాములమ్మ ఇంట్లో మామగారినీ, ఆయన తల్లిదండ్రులనూ పిలిచారు. నాలుగేళ్ళకే జ్వరంతో పోయిన కూతురు గోపికను మాత్రం పిలవలేదు. రాములమ్మ నోరు తెరవబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"చిన్నపిల్లలు పెద్దల్లో జమ కాదే. అయినా ఆ వయసు పిల్లకి తనవాళ్ళెవరో ఏం తెలుసు? ఎవరి చెయ్యి ముందు దొరికితే ఆళ్ళెనకాల పోద్ది."

అత్త మాటకు ఎదురుచెప్పడం తెలియని రాములమ్మ ఊరుకుంది. గడప లేచిపోయింది. నీళ్ళొచ్చాయి. అప్పటినుంచీ కొత్తింట్లో ముద్ద మింగబోతే చాలు, నీళ్ళ కింద పిల్ల ఒంటరిగా కూర్చున్నట్టే ఉండేది. మళ్ళీ వానలు పడితే ఊరు కనిపించదు. పిలుచుకుంటే ఇప్పుడే పిలుచుకోవాలి.

ఎదురుగా కూర్చున్న జంటది నరసరావుపేట. సుమన్‌కు బట్టలకొట్టుంది. అతని భార్య ఉజ్వల సీసాలో చల్లటి నీళ్ళు రాములమ్మ చేతిలో పెట్టింది.

"ప్రతి ఆదివారం ఏడకో ఒకచోటికి లాక్కుపోద్ది పెద్దమ్మా. కొండలు, గుహలు, ఇప్పుడేమో మునిగిన ఊరు" అన్నాడు సుమన్.

"ఏముంటదమ్మా అట్టా తిరిగితే?" రాములమ్మ నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఉజ్వల నీళ్ళవైపు తిరిగి చెప్పింది. "ఇంట్లో పొద్దున లేస్తే ఉజ్వలా, ఉజ్వలా అని పదిమంది పిలుస్తారు పెద్దమ్మా. నా పేరు తెలీని చోటుకి పోయి ఒక్క పూట నిలబడాలనిపిస్తది, అంతే."

పేరు పెట్టి పిలవడానికి పోయేవాళ్ళు కొందరు, పిలుపు తప్పించుకుని పోయేవాళ్ళు కొందరు అనుకుంది రాములమ్మ. ఆ అమ్మాయి మీద జాలేసింది.

ఊళ్ళో పిట్ట అరుపు లేదు. తెల్లటి వండ్రుమట్టి నెర్రెలు విచ్చి, కాలు వేస్తే ఆలిచిప్పలు పటపటమంటున్నాయి. గాలి ఉంది, అది కదిలించడానికి ఒక్క ఆకు లేదు. నడినెత్తిన ఎండ కాస్తున్నా గోడల మధ్యకు పోతే చలి. కాపురం చేసిన ఊళ్ళో రాములమ్మ దారి తప్పింది.

"కోటయ్యా, మనిల్లు ఏదయ్యా?"

"రామాలయం అరుగు ఇదిగో వదినా. ఈణ్ణించి ఎడంచేతికి పో."

నేలలో పాతిన రోలును బట్టి ఇల్లు గుర్తుపట్టింది. లోపల నేలంతా ఎండి పెచ్చులు లేచింది. వాయవ్యపు మూల మాత్రం తడిగా, నున్నగా, ఎవరో కూర్చుని అప్పుడే లేచినట్టుంది. రాములమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న పసుపునీళ్ళ చెంబు పట్టుకుని బయటికొచ్చి నిలబడింది. పిలవబోయి నేలకేసి చూసింది.

గడప ఏది? తామే పెరుక్కుపోయారు. బిడ్డ ఏం దాటి వస్తుంది?

వెనకే వచ్చిన ఉజ్వల, "ఏమైంది పెద్దమ్మా?" అంది. రాములమ్మ ఏడుస్తూ ఉన్నదంతా చెప్పింది. ఆ అమ్మాయి నవ్వలేదు, ఫోనెత్తలేదు. భుజాన ఉన్న చున్నీ తీసి, తలుపు ఉండాల్సిన సందులో ఈ గోడనుంచి ఆ గోడకు అడ్డంగా పరిచింది.

"ఇదే గడప అనుకో. పిలువు."

రాములమ్మ పసుపునీళ్ళు చల్లింది. "గోపికా! మనింటికి పోదాం, రామ్మా."

గాలి ఆగిపోయింది. చున్నీ నడిమధ్యన, అరచేయంత మేర, గుడ్డ మెల్లగా కిందికి అణిగింది. తడి పైకి ఊరింది. మళ్ళీ గుడ్డ లేచింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పిలుచుకుపోయేవాళ్ళు వెనక్కి తిరగకూడదని రాములమ్మ గొణిగింది. పడవ దగ్గర సుమన్ "ఉజ్వలా, ఊరివైపు తిరుగు, ఊరంతా పడుద్ది, ఒక్క ఫోటో" అని కేకేశాడు. ఉజ్వల తిరగలేదు.

నది నడిమికి వచ్చేసరికి ఆ అమ్మాయి పెదాలు తెల్లబడ్డాయి. వంగి, ఇంజను మోతలో రాములమ్మకు మాత్రమే వినబడేట్టు అడిగింది.

"పెద్దమ్మా, మీ పాపకి నీళ్ళంటే భయమా?"

"ఎందుకమ్మా?"

"నా చెయ్యి చానా గట్టిగా పట్టుకుంది."

బల్లమీద పెట్టిన ఆమె కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి నొక్కుకుని, పాలిపోయి ఉన్నాయి. అత్తగారు చెప్పిన మాట రాములమ్మ చెవిలో మోగింది. బిడ్డ కదిలింది, కానీ ముందు దొరికిన చెయ్యి పట్టుకుని కదిలింది. ఇప్పుడు ఊరుకుంటే ఆ పిల్ల నరసరావుపేటకు పోతుంది. ఈ అమ్మాయిని ఆదివారమంటూ లేకుండా పిలుస్తూనే ఉంటుంది. ఒకసారి అత్త వద్దంటే తాను ఊరుకుంది.

ముందుకు జరిగి తన చేతిని ఉజ్వల చేతిపక్కన, వెల్లకిలా పెట్టింది.

"అమ్మని నేను, ఇటు రా తల్లీ. అక్క ఇంటికి అక్క పోవాల. నిన్ను పిలవకపోవడం నాదే తప్పు, ఇంకెవరిదీ కాదు. కోటప్పకొండ సామీ, దీనికి నన్ను ఆనవాలు చూపించు."

పడవ నడుస్తూనే ఉంది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఉజ్వల వేళ్ళు ఒక్కొక్కటే విడివడి ఎర్రబడ్డాయి. ఆమె పెద్దగా ఊపిరి తీసుకుంది. రాములమ్మ అరచేతిలోకి బావినీళ్ళ చలి దిగింది. ఆమె గుప్పిట మూసుకుంది.

ఒడ్డు చేరాక పెదకోటయ్య మోకాలిలోతు నీళ్ళలోకి దిగి అందరికీ చెయ్యందించాడు. రాములమ్మ దగ్గరికొచ్చి, "ఆ కుడిచెయ్యి ఇటియ్యి వదినా, జారుద్ది" అన్నాడు.

"ఈ చెయ్యి ఖాళీ లేదయ్యా" అంది రాములమ్మ, ఎడమచెయ్యి చాపుతూ.