ఒక కన్ను మూసినా

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. నయాపూల్‌లో కోర్టు పక్కన టైపింగ్ చేస్తాను. పొద్దంతా బతికున్నవాళ్ల లొల్లే సరిపోతుంది, ఇంక దయ్యాలకు తీరికెక్కడిది?

పన్నెండేళ్ల కింద తలలో గడ్డకు రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది. నిరుటి నుంచి కొత్త తంటా మొదలైంది. ఎడమవైపు పెట్టుకున్న కాగితాన్ని చాలాసేపు చూసి తల ఎత్తితే, ఎదుట ఉన్నదంతా ఒక నిమిషం రెండుగా కనిపించేది. రేడియేషన్ పడిన నరం ఏళ్ల తర్వాత ఇట్లా మొరాయిస్తుందని, కంటిని తిప్పే కండరం పట్టేస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

"ఒక కన్ను మూస్తే ఆ రెండో బొమ్మ పోవాలి. పోకపోతే ఆలస్యం చేయకుండా రా" అంది. గడ్డ మళ్లీ వచ్చిందేమోనన్న భయం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

మొన్న వానాకాలంలో పురానాపూల్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. చెల్లెలు చనిపోయిందనీ, ఇంటికి ఇక తానొక్కతే వారసురాలనీ రాయించిన చిత్తు కాగితం నాకిచ్చి బెంచీ మీద కూర్చుంది. టైపు చేసి తల ఎత్తాను. ఇద్దరు పెద్దమ్మలు!

అలవాటుగా అరచేత్తో ఒక కన్ను మూశాను. గోడ ఒకటైంది, బెంచీ ఒకటైంది. పెద్దమ్మ మాత్రం ఇద్దరుగానే ఉంది. ఒకామె ముఖం తుడుచుకుంటోంది. రెండో ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. గడ్డ మళ్లీ వచ్చింది, నా పని అయిపోయిందనుకున్నాను.

కాగితం చదివి వినిపించాను. "నేను" అని ఉండాల్సిన ప్రతిచోటా "మేము" అని కొట్టానని అప్పుడే తెలిసింది.

"మేము అని ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"ఏం చెప్పాలె పెద్దమ్మా, నాకు మీరు ఇద్దరు కనవడ్డరు" అనేశాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేం కవలలం. నీకెవరు చెప్పిన్రు?"

కాగితంలో ఆ మాట లేదు.

"ఇప్పుడు గూడ ఉన్నదా?"

అప్పటికి నా చూపు సర్దుకుంది. బెంచీ మీద ఆమె ఒక్కతే ఉంది. ఆ ముఖం చూసి లేదనడానికి నోరు రాలేదు.

"ఉన్నది" అన్నాను.

ఆమె కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. "నేను" అని దిద్ది ఇచ్చిన కాగితం మీద ఏడుస్తూ సంతకం పెట్టింది.

మర్నాడే స్కాన్ తీయించుకున్నాను. గడ్డ లేదు. కన్ను సరిగ్గా మూసి ఉండవని డాక్టరమ్మ అంది. సరిగ్గానే మూశాను.

ఉన్నదని ఆమెతో చెప్పింది అబద్ధమే. అంతకు ముందు నేను చూసింది ఏమిటో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.