జకరయ్య వంతు

మొగుడు పోయాక కూడా దీవెనమ్మ కీర్తనలు చదవడం మానలేదు. అది భక్తి అనుకునేరు, కాదు. పొద్దుగూకగానే లాంతరు చిమ్నీ తుడిచి వెలిగించడం, పొయ్యి మీద ఎసరు పెట్టడం, ఎసరు కాగేలోపు ఒక కీర్తన చదవడం, ఇవన్నీ చేతులకు అలవాటైన పనులు. చేతులు చేసుకుపోతున్నాయి. ఆమె పక్కన కూచుని వాటిని చూస్తున్నట్టుండేది. గంజి వార్చేటప్పుడు ముంజేతి మీద పడితే బొబ్బ లేచాక గానీ కాలిందని తెలియలేదు.

కాకపోతే ఇప్పుడు కీర్తన సగమే అయ్యేది. వాళ్లింట్లో చదివే పద్ధతి అట్లాంటిది. చర్చిలో అయ్యగారు ఒక వచనం చదివితే సంఘం దాని తర్వాతి వచనం చదువుతుంది గదా, జకరయ్య ఆ పద్ధతే ఇంట్లోనూ పెట్టాడు. మొదటి వచనం ఆమెది, రెండోది అతనిది, మూడోది మళ్లీ ఆమెది. జకరయ్యకు చదువు రాదు. అతని వంతు వచ్చినప్పుడు ఆమె గొంతు తగ్గించి వచనం అందించేది. అతను గొంతెత్తి, పుస్తకం తన చేతిలోనే ఉన్నట్టు, పక్క గుడిసెల దాకా వినబడేట్టు చెప్పేవాడు. చదువు లేని సంఘాల్లో ఇట్లా అందివ్వడం ఆచారమే. "గుంతలోకి దిగినోడికి పైనోడు కయిరు అందిస్తాడే, అట్లా" అని నవ్వేవాడు జకరయ్య. కయిరంటే తాడు. మురుగు గుంతల్లోకి దిగి పూడిక తీయడం అతని పని.

ఇప్పుడు ఆమె తన వచనం చదివి అతని వచనం దగ్గర ఆగిపోయేది. అందివ్వడానికి నోరు తెరిచేది కూడా. అందుకునేవాడు లేడు. కాసేపు తడికె వైపు చూసి, మూడో వచనానికి పోయేది. యెహోవా కాపరి అని ఆమె చెబితే, తర్వాతి వచనంలోని పచ్చిక సంగతి చెప్పేవాళ్లు లేరు.

కావలి పక్క పల్లెలో పుట్టిన దీవెనమ్మ, మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివి, పెళ్లి చేసుకుని మదరాసు వచ్చింది. ఎగ్మూరులో ఒక హాస్టల్లో అంట్లు తోముతుంది. కాపురం చింతాద్రిపేట వెనక, కూవం గట్టున గుడిసెల్లో. మదరాసు తెలుగువాళ్లదా అరవవాళ్లదా అని పెద్దలు రెండేళ్ల కింద సభలు పెట్టి కొట్టుకున్నారు. మదరాసు కింద పారే మురుగు ఎవరిదని మాత్రం ఒక్కరూ అడగలేదు. అది మొదటినుంచీ వీళ్లదే. అందులో తగాదా లేదు.

జకరయ్య పోయింది వానల్లో, ఒక శనివారం పొద్దున. ఒక కాంట్రాక్టరు కింద పని. ముఠాకు అరుముగం మేస్త్రీ. గుంతలోకి దిగేవాడి నడుముకు తాడు కట్టాలి, పైన ఒకడు పట్టుకోవాలి. ఆ రోజు పైన ఉన్నది పక్క గుడిసె మునిస్వామి. చేతిలో తాడు లేదు. తాడు ఇంకో చోట బకెట్లు లాగడానికి పోయింది. "అడ్డం పడింది కొంచెం కదిలించి వచ్చేయ్, అంతే" అన్నాడు మేస్త్రీ. జకరయ్య దిగాడు. లోపలి గాలి పీల్చాడు. మళ్లీ పైకి వచ్చింది ఇనుప కొక్కేనికి తగులుకునే.

పోలీసులు వస్తే మేస్త్రీ ఒకే మాట చెప్పాడు. నాటుసారా తాగి దిగినాడు, కాలు జారింది. రాష్ట్రమంతా మద్యనిషేధం. తాగి చచ్చినవాడి తరఫున అడగడానికి ఎవరుంటారు? సారా ఎక్కడిదని అడిగితే ముఠాలో అందరూ ఇరుక్కోవాలి. మేస్త్రీ ఆ మాట కూడా అందరి చెవినా వేశాడు. ముఠా నోరు మూసుకుంది.

ఉన్నమాట చెప్పాలంటే జకరయ్య తాగేవాడే. ఆ కంపులోకి ఒళ్లు తెలిసి దిగగలిగినవాడు ముఠాలో ఒక్కడూ లేడు. కానీ ఆ శనివారం తెల్లారితే చర్చిలో ప్రభు సంస్కారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం. సంస్కారం ఉన్న వారమంతా జకరయ్య చుక్క ముట్టడు. ఆ వారం అతనికి వాంతులయ్యేవి, తిండి సయించేది కాదు, వీధిలో అందరినీ కసురుకునేవాడు. సంస్కారం వారం వచ్చిందంటే క్యాలెండరు చూడక్కర్లేదు, జకరయ్య మొహం చూస్తే చాలని ఆ వీధిలో హాస్యమాడుకునేవాళ్లు. అందరికీ తెలిసిన సంగతే. చెప్పేవాడే లేడు.

దీవెనమ్మ ఒకసారి మునిస్వామిని అడిగింది.

"నువ్వు పైనే ఉండావు గదా. తాగినాడా?"

మునిస్వామి కాలి బొటనవేలితో నేల గీరాడు. "నాకు పిల్లలుండారు గదక్కా."

ఆమె మళ్లీ అడగలేదు. ఏడవనూ లేదు. ఎదురింటి తంగమ్మకు ఇదే బెంగ.

"ఒకసారి ఏడ్చేయిమే. నేనుండాను గదా, తోడు ఏడుస్తాను."

"రాలే తంగమ్మా."

"మీయాయన తిట్టిన తిట్లు గుర్తు చేసుకో. నాకు మా ఆయన బతికుండంగానే వస్తుంది."

దీవెనమ్మ నవ్వింది. నవ్వు కూడా చేతులు చేసే పనిలాగే వచ్చి పోయింది.

ఒక సాయంత్రం అయ్యగారు గొడుగు వేసుకుని వచ్చారు. వాకిట్లోనే నిలబడ్డారు. తాగడానికేమైనా ఇవ్వమంటారా అని ఆమె అడగలేదు. అడిగితే ఇప్పుడే తాగొచ్చానమ్మా అని ఆయన అబద్ధమాడాలి. ఆయనకు ఆ పాపం అంటకుండా చూడడం పేటలో అందరికీ అలవాటే.

"వచ్చే ఆదివారం సాయంత్రం మీ వాకిట్లో ఆదరణ కూడిక పెట్టుకుందామమ్మా. ఇరవైమూడో కీర్తన నువ్వే చదివించు. తర్వాత నాలుగు మాటలు సాక్ష్యం చెప్పు, దేవుడు నిన్నెట్లా ఆదరించాడో."

"ఆదరించినట్టు తెలిస్తే చెప్తానయ్యా."

"అట్లా అనకూడదు. అన్నిటికీ కృతజ్ఞత చెప్పాలి."

"ఆయన తాగి పోయినాడని మీరు కూడా నమ్ముతుండారా అయ్యా?"

అయ్యగారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "పోలీసువాళ్లు రాసుకున్నారు గదమ్మా. తీర్పు తీర్చడానికి మనమెవరం?"

"తీర్చేసినారు గదయ్యా. సమాధికాడ ప్రార్థనలో, బలహీనతలో పడిపోయిన సహోదరుడు అన్నారు మీరు."

ఆమె గొంతులో కోపం లేదు. బియ్యం అయిపోయినాయని చెప్పినట్టు చెప్పింది. "టీ, బన్నులు మేస్త్రీ పంపిస్తానన్నాడు. మంచి మనిషి" అని మాత్రం అని వెళ్లిపోయారు.

వరసలో చదువుతూ, కూడికకు ముందురోజు శనివారం ఆమె అరవై తొమ్మిదో కీర్తనకు వచ్చింది. మొదటి వచనం తనది. నీళ్లు ప్రాణం మీదికి వచ్చేశాయి, కాపాడమంటుంది. చదివింది. రెండో వచనం దగ్గర అలవాటు కొద్దీ ఆగి, కింద అక్షరాల మీద చూపు పడి, అక్కడే ఉండిపోయింది. లోతైన ఊబిలో దిగబడిపోతున్నానని, కాలు మోపే చోటు లేదని. అది జకరయ్య వంతు.

కింది దాకా వేలితో వెతికింది. ఊరి వాకిట కూచున్నవాళ్లు నా గురించే చెప్పుకుంటున్నారు, తాగుబోతులు నా మీద పాట కట్టారు అనేది కూడా జకరయ్య వంతే. బురదలోంచి లాగమని అరిచేదీ అతని వంతే. పెళ్లయినప్పట్నుంచీ ఈ కీర్తన ఎన్నిసార్లు చదివారో. ప్రతిసారీ ఈ మాటలు ఆమె మెల్లగా అందించేది, అతను పక్క గుడిసెల దాకా వినబడేట్టు చెప్పేవాడు. ఆ లోపల ఆమె ఎసరు కాగిందేమోనని చూసుకునేది.

ఇది రాసినవాడు రాజంటారు. రాజుకు కాలు మోపే చోటు లేకపోవడమేమిటి? ఎవరు రాసినా, ఒకసారి దిగినవాడే రాశాడని మాత్రం ఆమెకు తోచింది. గట్టు మీద కూచున్నవాడికి ఈ మాటలు రావు. అన్ని కీర్తనల్లాగే ఇదీ చివరికి స్తుతిలోకి ఎక్కుతుంది. మధ్యలో ఎక్కడ మెట్టు ఉందో ఎంత వెతికినా ఆమెకు కనబడలేదు. దేవుడి మీద కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ప్రేమా రాలేదు.

ఆదివారం సాయంత్రం వాకిట్లో చాపలు పరిచారు. మేస్త్రీ అద్దెకు తెప్పించిన పెట్రోమాక్సు లైటు బుసకొడుతోంది. ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి అయ్యగారికి, ఒకటి అరుముగం మేస్త్రీకి. ఆడవాళ్లు ముందు, ముఠా మగవాళ్లు వెనక గొంతుక్కూచున్నారు. వాళ్లలో సగం మంది మునిస్వామిలాగా చర్చి గడప తొక్కనివాళ్లు. అయినా చావు ఎవరిదైనా వస్తారు. వచనం అందిస్తే వాళ్లూ చెబుతారు.

ప్రార్థన అయ్యాక అయ్యగారు, "ఇప్పుడు సహోదరి ఇరవైమూడో కీర్తన చదివిస్తుంది" అన్నారు.

దీవెనమ్మ లేచి పుస్తకం తెరిచింది. "అరవై తొమ్మిది" అంది.

"ఇరవైమూడమ్మా" అన్నారు అయ్యగారు మెల్లగా.

ఆమె అప్పటికే మొదటి వచనం చదివేసింది. గొంతు తగ్గించి రెండోది అందించింది. జనం అందుకున్నారు. అందుకోవడంలో ఆలోచన ఉండదు. మాట చెవిలో పడుతుంది, నోట్లోంచి వస్తుంది. పొద్దున పనికాడ పేరు పిలిస్తే పలికినట్టు, ఊబిలో దిగబడిపోతున్నామని అందరూ కలిసి చెప్పారు. కాలు మోపే చోటు లేదని చెప్పారు. చెప్పాక వెనక వరసలో తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

ఆమె తన వచనం చదివింది. ఇంకోటి అందించింది. ఊరికే పగబట్టినవాళ్లు తల వెంట్రుకలకంటే ఎక్కువున్నారని ఆడవాళ్లు గట్టిగా, మగవాళ్లు కొంచెం తగ్గించి చెప్పారు. తాగుబోతుల పాట దగ్గరకు వచ్చేసరికి మగవాళ్ల గొంతులు సగంలో తెగిపోయాయి. తంగమ్మ ఒక్కతే చివరి దాకా చెప్పి, చెప్పింది ఏమిటో అప్పుడు తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు.

దీవెనమ్మ ఎవరి వైపూ చూడలేదు. గుంత నా మీద నోరు మూయకుండా చూడమనే వచనం తనది, చదివింది. అట్లా ఇరవయ్యో వచనం దాకా వచ్చి, అందించింది. నింద నా గుండె పగలగొట్టింది, ఆదరించేవాళ్ల కోసం చూశాను, ఒక్కరూ కనబడలేదు.

ఎవరూ అందుకోలేదు. ఆదరించడానికి వచ్చి కూచున్నవాళ్లు ఆ మాట ఏ నోటితో చెబుతారు?

ఆమె మళ్లీ అందించింది, అదే గొంతుతో.

వెనక నుంచి ఒక్క గొంతు లేచింది. ఏళ్ల తరబడి తడికె అవతల నుంచి జకరయ్య వంతు విన్న గొంతు, అతనిలాగే పక్క వీధి దాకా వినబడేట్టు ఆ వచనమంతా చెప్పింది. చెప్పి, మునిస్వామి ఆగలేదు.

"ఆ పొద్దు కయిరు లే. కయిరు లేకుండానే దించినారు. పైన ఉండింది నేనే. ఆయన తాగలే. సంస్కారం వారం అది."

"డేయ్ మునిస్వామీ," అన్నాడు మేస్త్రీ కుర్చీలోంచి కదలకుండా, "ప్రార్థనలో ఏందిరా ఉళరతావు, ఏం వాగుడది?"

"ప్రార్థనే మేస్త్రీ. అక్క అందిచ్చింది, నేను చెప్పినా."

ముఠాలో ఇంకొకడు, "కయిరు లే" అన్నాడు, నేల చూస్తూ. తర్వాత ఇంకొకడు. ఎవరూ అరవలేదు. మేస్త్రీ లేచి, చెప్పులు తొడుక్కుని, లైటు రేపు పొద్దున పంపించమని చెప్పి వెళ్లిపోయాడు.

దీవెనమ్మ పుస్తకం మూసింది. అక్కణ్ణుంచి శాపాలు మొదలవుతాయి. చర్చిలో వాటిని ఎప్పుడూ దాటేస్తారు. ఆమె దాటనూ లేదు, చదవనూ లేదు.

"చివర స్తుతి వచనాలున్నాయమ్మా" అన్నారు అయ్యగారు.

"తెలుసయ్యా. నేనింకా ఆడికి రాలే."

ఆయన ముగింపు ప్రార్థనకు లేచారు. "సంస్కారానికి సిద్ధపడి పోయిన మా సహోదరుడు జకరయ్య" అన్నారు. బలహీనత మాట ఎత్తలేదు. పోలీసులు రాసుకున్నది మారలేదు, మారదు కూడా. ఆ వీధిలో మాత్రం ఆ రాత్రినుంచి జకరయ్య తాగి చావలేదు.

వెళ్లేటప్పుడు తంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడైనా ఏడుపొచ్చిందామే?"

"లే" అంది దీవెనమ్మ. లేకపోవడం ఆమెకే వింతగా ఉంది. మునిస్వామి మాట విన్నప్పుడు ఏదో ఒకటి కదులుతుందని ఎదురుచూసింది. బొబ్బ లేచిన చోట చర్మంలాగా ఉంది లోపల.

మర్నాడు మేస్త్రీ మునిస్వామిని పనిలోకి పిలవలేదు. సాయంత్రం దీవెనమ్మ హాస్టలు నుంచి వచ్చేసరికి అతను తన గుడిసె ముందు చేతులు మోకాళ్ల మీద వేసుకుని కూచున్నాడు. ఆమె వండుకున్నదాంట్లో సగం వాళ్లింటికి పంపించాలనుకుని బియ్యం ఎక్కువ కడిగింది. లాంతరు తుడిచి వెలిగించింది. ఎసరు పెట్టింది. డెబ్బయ్యో కీర్తన తెరిచింది. చిన్న కీర్తన, త్వరగా రమ్మని పిలవడమే అందులో ఉన్నదంతా.

తన వచనం చదివింది. జకరయ్య వంతు దగ్గర ఆగింది. గొంతు తగ్గించి అందించింది. ఎవరూ అందుకోలేదు. తడికె వైపు చూసింది.

తర్వాత ఆ వచనం తనే చెప్పింది. గొంతెత్తి, పక్క గుడిసె దాకా వినబడేట్టు. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. ఎసరు కాగి మూత టకటకా కొట్టుకుంటోంది. వచనం పూర్తయ్యేదాకా ఆమె అటు చూడలేదు.