మెయిడీ టోష్ గుంట

మగవాళ్ళు ఇసుకలో ఆడుకుంటుంటే నాకూ ముచ్చటగానే ఉంటుంది, వాళ్ళకి అయిదేళ్ళు దాటనంతవరకు. అరవై దాటినవాళ్ళు ఇసుక గుంటలో నిలబడి, ఎర్రబడ్డ మొహాలతో కర్ర ఝళిపిస్తూ గాలినీ దేవుణ్ణీ తిడుతుంటే మాత్రం చూడబుద్ధి కాదు. అయినా చూడక తప్పదు. పిట్‌కారీ గోల్ఫ్ క్లబ్బులో వంట నాది. నా పొయ్యి పక్క కిటికీలోంచి నాలుగో హోల్ సగమూ, చివరిదైన పద్దెనిమిదో హోల్ మొత్తమూ కనిపిస్తాయి. హోల్ అంటే ఒక్క రంధ్రమే కాదు, బంతి మొదట కొట్టే చోటి నుంచి ఆ రంధ్రం దాకా ఉన్న పచ్చిక దారంతా.

నేను చెప్పబోయేది ఇనా విషార్ట్ గురించి. దానికి ముందు మా క్లబ్బు ఆచారం ఒకటి చెప్పాలి, అది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నా సరే. ఏటా ఒక కెప్టెన్‌ని ఎన్నుకుంటారు. ఆ కెప్టెన్ తన ఏడాదిలో మైదానంలో ఒక కొత్త బంకర్ తవ్వించాలి. అంటే బంతి పడితే బయటికి తియ్యడానికి తల ప్రాణం తోకకొచ్చే ఇసుక గుంట. ఎక్కడ తవ్వాలన్నది కెప్టెన్ ఇష్టం. పక్కనే చెక్క పాతి పేరు రాస్తారు, ఆ గుంటని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. పూర్వం ఇద్దరు కెప్టెన్లు ఒకరి గుంట ఒకరు పూడ్పించి, ఆదివారం పూట చర్చి గుమ్మంలో జుట్టూ జుట్టూ పట్టుకున్నారట. అప్పటినుంచి ఒక కట్టుబాటు ఉంది. చెక్క మీద ఎవరి పేరుందో ఆ మనిషే ఏటేటా జరిగే విందులో లేచి నిలబడి, గుంట పూడ్చమని అడగాలి. అడగకపోతే ఆ గుంటని ఎవరూ ముట్టుకోకూడదు. తన పేరు తానే చెరిపెయ్యమనే మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? అందుకే గుంటలు పెరుగుతూ పోయాయి.

మరి ఎక్కడ తవ్వుతారు? తన బంతి పడే చోట ఎవడూ తవ్వుకోడు. సాయంత్రం పక్కన కూర్చుని విస్కీ పోయించే స్నేహితుడి బంతి పడే చోటా తవ్వడు. నీరు పల్లమెరుగు అన్నట్టు, గుంటలన్నీ ఓటు లేనివాళ్ళ వైపు జారాయి. మొన్నమొన్నటిదాకా ఆడవాళ్ళకి గురువారం మధ్యాహ్నాలు ఆడే హక్కు ఉండేది గానీ ఓటు లేదు. మా బంతి నూటిరవై గజాలు పోయి పడుతుంది. మగవాళ్ళ బంతి దాని నెత్తిమీదుగా ఎగిరి రెండొందల గజాల అవతల పచ్చికలో దిగుతుంది. ఏ హోల్ చూసినా నూటిరవై గజాల దగ్గర నేల మశూచి మొహంలా ఉంటుంది, ఆ అవతలంతా నున్నగా ఉంటుంది. దీన్ని వాళ్ళు ఆటలో కళ అనేవారు. అన్నం తినే నోటితోనే అనేవారు.

ఇనా చేపలకి పొగబెట్టే కొట్టంలో పనిచేసింది. పదిహేనో ఏట చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే. పీపాలు ఎత్తీ ఎత్తీ ఎడమ భుజం పట్టేసింది. ఆ భుజంతో కర్ర నడుం దాకానే లేచేది. బంతి నేలకి తక్కువ ఎత్తులో, గీత గీసినట్టు సూటిగా, నూటిరవై గజాలు పోయేది. ఒక్క గజం ఎక్కువా లేదు, తక్కువా లేదు. మొగుడు సరుకు ఓడల మీద తిరిగేవాడు. ఇంటికొచ్చినా నిద్రపోయేవాడు కాబట్టి గొడవల్లేవు. ఇనా కోటు జేబులో ఎప్పుడూ ఉడికించిన గుడ్డు ఉండేది, ఒంట్లో ఎప్పుడూ పొగ వాసన ఉండేది. ఆ వాసనకి క్లబ్బు దొరలు ముక్కు మూసుకునేవారు. పొద్దున్నే పొగచేప లేకపోతే వాళ్ళకి ముద్ద దిగదు, అది వేరే సంగతి.

ఆమెకి జత మెయిడీ టోష్. బడిలో పిల్లలకి వడ్డించే మనిషి. లావుగా, ఎప్పుడూ నవ్వుతూ, చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే తప్పుగా పాడేది. ఇద్దరూ ఇరవయ్యో ఏటి నుంచి ఒకరినొకరు "ముసలిదానా" అని పిలుచుకున్నారు. వానొచ్చినా మంచొచ్చినా గురువారం తప్పేది కాదు.

పళ్ళ డాక్టర్ లోరిమర్ కెప్టెన్ అయిన ఏడాది నాలుగో హోల్లో తన గుంట తవ్వించాడు. సరిగ్గా నూటిరవై గజాల దగ్గర. నిలువెత్తు లోతు, చుట్టూ గడ్డిపెడ్డలతో కట్టిన నిటారు గోడ. ఇనా నేరుగా కమిటీ గదిలోకి నడిచింది. నేను టీ కప్పులు పెడుతూ అక్కడే ఉన్నాను.

"డాక్టర్ గారూ, మీ గుంట మీలో ఒక్కడికీ తగలదు, మాలో ఒక్కర్నీ వదలదు. ఇదెక్కడి న్యాయమండీ?"

"కనిపిస్తూనే ఉంది కదమ్మా. తప్పించుకుని ఆడండి."

"ఎటునుంచి తప్పించుకోమంటారు? ఎడమపక్క ముళ్ళపొదలు, కుడిపక్క సముద్రం."

"అయితే ఇంకాస్త గట్టిగా కొట్టండి మరి," అన్నాడు లోరిమర్. గదంతా గొల్లుమంది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఆ శరదృతువులోనే, వాన వెలిసిన ఒక గురువారం, మెయిడీ ఆ గుంటలోకి దిగింది. బంతిని బయటికి కొట్టింది. తాను బయటికి రాలేకపోయింది. తడి గోడ ఎక్కబోయి జారి వెనక్కి పడింది, తుంటి ఎముక విరిగింది. ఇనా కేకకి నేనూ మాంసం కొట్టతనూ పరిగెత్తాం. గిడ్డంగి తలుపు ఊడదీసి దాని మీద మోసుకొచ్చాం.

"బంతి పైకొచ్చిందా, ముసలిదానా?" అంటోంది మెయిడీ, మొహం సున్నంలా తెల్లబడిపోయి.

"వచ్చింది. నోర్మూసుకుని పడుకో," అంది ఇనా.

కమిటీ ఒక బుట్టెడు ద్రాక్షపళ్ళు పంపింది. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర లోరిమర్ అన్న మాట నేను విన్నాను. "గుంట తవ్వింది బంతుల కోసం. మనుషులు కూడా దూకుతామంటే మనమేం చేస్తాం?" నేను ఆయనకి వేడి పుడ్డింగ్ వడ్డిస్తున్నాను. అది గిన్నెలోనే పడింది, నెత్తిన పడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మెయిడీ మళ్ళీ ఆడలేదు. కిటికీ పక్క మంచం వేయించుకుని మైదానం కేసి చూసేది. మూడో చలికాలం పోతుండగా ఇనాని దగ్గరికి పిలిచింది. వాళ్ళకి సూపు తీసుకెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"తుంటి పోతే పోయిందే. 'తప్పయింది మెయిడీ' అని ఒక్క ముక్క వాడి నోట్లోంచి రాలేదు చూడు, అదే నాకు అరగట్లేదు. అదొక్కటి అనిపించు."

"అనిపిస్తా."

"ఊరికే అనకు."

"అనిపిస్తానన్నానా!"

మెయిడీ ఆ వారమే పోయింది. అంత్యక్రియలకి లోరిమర్ రాలేదు. ఆ రోజు గాలి బాగుందని ఆడుకోడానికి పోయాడు.

ఏళ్ళు గడిచాయి. మనిషి చెయ్యలేని పని కాలం చేస్తుందంటారు. లోరిమర్ మోకాళ్ళు అరిగాయి, నడుం వంగింది. బంతి ఏటేటా దగ్గర దగ్గరగా పడటం మొదలుపెట్టి, చివరికి నూటిరవై గజాల దగ్గర స్థిరపడింది. నాలుగో హోల్లో తన గుంటలోనే, తన పేరున్న చెక్క పక్కనే. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారని మా అమ్మ చెబితే ఊరడింపు కోసం చెబుతోందనుకునేదాన్ని. నా కిటికీలోంచి టోపీ ఒక్కటే కనిపించేది, మధ్యమధ్య లేచే ఇసుక కనిపించేది. తర్వాత లోపలికొచ్చి తోటి ముసలాళ్ళతో అనేవాడు: "ఈ మైదానంలో న్యాయమనేదే లేకుండా పోయిందయ్యా!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాదండీ. ఈ మద్దెలకి చిల్లి నిజంగానే ఉంది. పొడిచింది ఆయనే.

అంతలో చట్టం మారి ఆడవాళ్ళకి ఓటొచ్చింది. మేమూ కాలంతో నడుస్తున్నామని పత్రికలో ఫోటో వేయించుకోవాలని మగవాళ్ళకి సరదా పుట్టింది. ఇనాని కెప్టెన్ చేశారు. ఫోటోలో అందరూ ఆమెకి కాస్త దూరంగా నిలబడ్డారు.

మర్నాడే లోరిమర్ బిస్కెట్ల డబ్బా పట్టుకుని నా వంటింట్లోకి వచ్చాడు. ఇనా నా దగ్గర టీ తాగుతోంది. ఊరందరి పళ్ళూ పీకి తనవి కట్టించుకున్నాడు, ఆ కట్టుడుపళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"కెప్టెన్ గారూ! ఆ నాలుగో హోల్ గుంట... మనలాంటి పెద్దవాళ్ళకి మరీ అన్యాయంగా ఉంది కదూ? బాగా కొట్టిన బంతికి శిక్షేంటి చెప్పండి? మీరు కెప్టెన్, మీరొక మాటంటే..."

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి నవ్వాపుకుంటే వచ్చిన కన్నీళ్ళకి సాకు దొరికింది.

"చెక్క మీద మీ పేరుంది. విందులో మీరే లేచి అడగండి," అంది ఇనా. "ఎందుకు పూడ్చాలో కూడా చెప్పండి. మెయిడీ పేరెత్తి, తప్పయిందనండి. మొదటి చప్పట్లు నావే."

"అబ్బా, పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా!"

"నాకు పాతవి కావు."

ఆయన వెళ్తూ వెళ్తూ బిస్కెట్ల డబ్బా వెనక్కి తీసుకుపోయాడు.

విందులో లేచాడు. గొంతు సవరించుకున్నాడు. వయసు మళ్ళిన సభ్యుల మేలు కోరి, తన పేరున్న గుంటని, ఎంతో ప్రీతిపాత్రమైనదాన్ని, త్యాగం చేస్తున్నానన్నాడు. త్యాగమట! బల్లలు అదిరిపోయేలా చరిచారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు ఇన్నేళ్ళు మొత్తుకుంటే పార ఎత్తనివాళ్ళు ఆ శుక్రవారానికల్లా గుంట పూడ్చి పచ్చిక పరిచేశారు. అందరి ఎంగిలి పళ్ళేలూ నేను కడిగాను గానీ ఆ రాత్రి పుట్టినంత రోత నాకెప్పుడూ పుట్టలేదు.

ఇనా నా పక్కన నిలబడి తడి పళ్ళేలు తుడిచింది. "పేరు కూడా ఎత్తలేదే, ఎఫీ," అంది. 

ఇక కెప్టెన్‌గా ఇనా తవ్వాల్సిన గుంట మిగిలింది. కమిటీ ఎంతో ప్రేమగా సలహా ఇచ్చింది. ముళ్ళపొదల వెనక, ఎవరూ పోని చోట, ముద్దుగా పూలకుండీ అంత తవ్వించుకోమంది. ఆలోచిస్తానంది ఇనా.

మా ఊళ్ళో సోమవారం మైదానం ఉతికిన బట్టలది. ముత్తవ్వల నాటి హక్కు. పద్దెనిమిదో హోల్ పొడవునా గుంజలు పాతి, తాళ్ళు కట్టి ఆడవాళ్ళు బట్టలారేస్తారు. బంతి తగిలిన దుప్పటిని కొట్టినవాడే మళ్ళీ ఉతకాలి. అందుకని సోమవారం ఒక్క మగాడు అటు తొంగిచూడడు. ఆ సోమవారం ఊళ్ళో ఇన్ని దుప్పట్లున్నాయా అనిపించింది. ఉతకని దుప్పట్లు కూడా ఆరేశారు. వాటి మధ్య పొగకొట్టం ఆడవాళ్ళు, ఉప్పు ఎత్తే పారలతో, రెండొందల గజాల దగ్గర, బలమైన మగవాళ్ళ బంతులన్నీ వచ్చి దిగే నున్నటి చోట తవ్వుతున్నారు. నేను రొట్టెలూ టీ మోశాను.

ఒకటి చెప్పాలి. ఇనా తవ్వించింది పగ గుంట కాదు. ఎడమపక్క వెడల్పుగా దారి వదిలింది. ధైర్యముంటే పైనుంచి దాటించవచ్చు, లేకపోతే కాస్త తగ్గించి కొట్టి పక్కనుంచి రావచ్చు. వెనకవైపు చేపల పెట్టెల చెక్కలతో మెట్లు కట్టించింది, ఎక్కేటప్పుడు ఎవరి తుంటీ విరక్కుండా. మా మైదానంలో మెట్లున్న గుంట అదొక్కటే.

మంగళవారం మొదటి బంతి లోరిమర్ కొడుకుది. ఎద్దులా బలిసినవాడు. బంతి ఎగిరింది, దిగింది, మాయమైంది. కాసేపటికి వాడూ, వాడి వెనక తండ్రీ, వాళ్ళ వెనక కమిటీ, నా వంటింటి గుమ్మంలో.

"ఇదేం అన్యాయం!" అని అరిచాడు కొడుకు. "ప్రాణం పెట్టి కొట్టిన బంతి!"

ఇనా గుడ్డు వొలుస్తోంది. "కనిపిస్తూనే ఉంది కదా నాయనా. తప్పించుకుని ఆడు."

లోరిమర్ మొహం చూడాల్సిందే. ఆ మాట ఎక్కడిదో ఆయనకి గుర్తుంది. మర్చిపోయాడేమోనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మర్చిపోలేదు.

"పూడ్పించు, ఇనా," అన్నాడు. "విందులో లేచి అడుగు. నీ గుంట, నీ పేరు."

"నా పేరు కాదండీ. మీరు చెక్క చూడలేదల్లే ఉంది."

అందరూ బయటికి నడిచారు. నేనూ గరిటె పట్టుకునే వెళ్ళాను. తెల్లటి చెక్క మీద నల్లటి అక్షరాలు: మెయిడీ టోష్.

"కెప్టెన్ పేరే ఉండాలి!" అన్నాడొకడు.

"అని ఎవరు చెప్పారు? పేరు రాయాలన్నారు. మీరందరూ మీ పేర్లే రాసుకున్నారు, అది మీ బుద్ధి. చెక్క మీదున్న మనిషి అడిగితే పూడుస్తాం. చర్చి వెనక మూడో వరసలో ఉంది. డాక్టర్ గారూ, ఆవిడ్ని బతిమాలడానికి వెళ్తారా? ఏం చెప్పి మొదలుపెట్టాలో మీకు తెలుసు."

లోరిమర్ వెళ్ళలేదు. వచ్చే ఏటి నుంచి కెప్టెన్లు గుంటలు తవ్వే ఆచారమే ఉండదని, అది మొరటు కాలపు అలవాటని కమిటీ తీర్మానించింది. నూటిరవై గజాల దగ్గర గుంటలు తవ్వుతున్నన్నాళ్ళూ అది మొరటు కాదు, సంప్రదాయం. థూ.

కానీ తవ్వింది తవ్వినట్టే ఉంది. మొన్న శనివారం మధ్యాహ్నం లోరిమర్ కొడుకుతో కలిసి సూపుకొచ్చాడు. పక్క బల్ల దగ్గర ఇనా కూర్చుంది. ఆట ఎన్ని దెబ్బల్లో ముగిసిందని ఎవరో అడిగితే ముసలాయన పరాకున చెప్పేశాడు: "బాగానే వచ్చాంగానీ, చివర్లో మావాడు మెయిడీలో..." అని ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆ నోట్లోంచి రావడం అదే మొదలు. చెంచా పళ్ళేనికి తగిలి చప్పుడైంది.

ఇనా ఆయన వైపు చూడలేదు. ఉప్పు అందుకుంటూ నాతో అంది: "సగం అన్నాడే, ఎఫీ. మిగతా సగం వినేదాకా నేను చావను."