డ్రమ్ము మీది హంగేరీ మాట

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో ఇబ్రా దగ్గర ఒక సైట్‌లో పైప్ ఫిట్టర్‌గా పనిచేశాను. పంపులు బిగించడానికి వచ్చిన హంగేరీ ఇంజనీరు సిగరెట్టు నోట్లో పెట్టుకుని "త్యూజ్?" అని నన్ను అగ్గిపెట్టె అడిగేవాడు. తమ భాషలో నిప్పును అలా అంటారని చెప్పి, ఒకసారి పెట్టె మీద రాసి చూపించాడు. 'యు' అక్షరం నెత్తిన రెండు ఏటవాలు గీతలున్నాయి.

ఒక మధ్యాహ్నం నిజామాబాద్ నుంచి వచ్చిన మా వెల్డర్ అన్న పైపు అతికించబోతున్నాడు. పంపులతో పాటు దిగిన డ్రమ్ము ఒకటి ఆయన పక్కనే ఉంది. మూత వదులుగా ఉంది. దాని మీద బారెడు మాట. మొదటి మూడక్షరాలు ఇంజనీరు అగ్గిపెట్టె మీద రాసి చూపించినవే.

"అన్నా, ఆగు! అంటియ్యకు!"

"ఏమైందిరా?"

"డ్రమ్ము మీద నిప్పని రాసున్నది."

"నీకెప్పట్నుంచి వస్తున్నది ఆ భాష?" అంటూ ఆయన వంగబోయాడు. నేను చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంజనీరును కేకేశాను.

ఇంజనీరు పరుగెత్తుకొచ్చి చదివాడు. ముఖం పాలిపోయింది. డ్రమ్మును దూరంగా మోయించాక, వచ్చీరాని ఇంగ్లీషులో ఆ మాటను విడగొట్టి చెప్పాడు. ముందుది నిప్పు. రెండోది ప్రమాదం, అది నశించడమనే పాత మాటలోంచి పుట్టిందట. చివరి రెండక్షరాలకు 'గలది' అని అర్థం. లోపలున్నది రంగుల్లో కలిపే థిన్నర్.

 సాయంత్రం రూమ్‌లో అన్న కాగితం, పెన్ను నా ముందు పెట్టి, "నాకు ఏబీసీడీలు నేర్పురా" అన్నాడు.