జడ్జి గారి మరదలు

మా వారు విశాఖలో జడ్జిగా ఉన్న రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటాక, గాజువాకలో ఉండే మా చెల్లెలు కార్పొరేటర్‌గా పోటీకి దిగింది. మా పుట్టిల్లు సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇల్లు. చెల్లెలు నోరున్న పిల్ల, గెలుస్తుందనే నా నమ్మకం.

మా వారు ఒక్కటే చెప్పారు. "ప్రచారానికి వెళ్తావా, నీ ఇష్టం. నా కారు, నా పేరు మాత్రం రావు. ఓట్లయ్యేదాకా పోటీలో ఉన్నవాళ్ళెవరూ ఈ గడప తొక్కకూడదు, మరదలైనా సరే."

ఆదివారం చెల్లెలు వంజరం చేప ముక్కలు తేవడం మా ఇంటి ఆనవాయితీ. ఆ వారం గేటు దగ్గరే ఆపేశాను.

"పోటీ సేత్తన్నది నాను. సేపలేటి సేసాయక్కా?" అంది.

ఆ మాట లోపలికెళ్ళి చెప్పినా మా వారు ఒప్పుకోలేదు. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి ఆ పూట ముద్దపప్పు తిన్నారు. నాకు నవ్వూ, ఒళ్ళుమంటా కలిసే వచ్చాయి.

నేను సిటీబస్సెక్కి గాజువాక వెళ్ళి, ఇంటింటికీ బొట్టు పెట్టి చెల్లెలికి ఓటడిగాను. చివరి రోజు మా వెనకాలే చెల్లెలి ప్రచారం ఆటో వచ్చింది. మైకులో ఒకటే కేకలు: "జడ్జి గారి మరదలు! కోర్టు పనులేటున్నా ఆవిడే సూసుకుంతారు!"

అరుగుల మీది జనం ఆశగా లేచి వస్తున్నారు. ఓట్లు రాల్చే మాటని నాకూ తెలుసు. అయినా ఆటో ఎక్కి మైకు లాక్కున్నాను. పుట్టింటి భాషంతా బయటికొచ్చేసింది.

"జడ్జి గారికీ ఈ ఓటుకీ ఏటీ సమ్మందం లేదమ్మా! కోర్టు పనొక్కటీ అవదు. ఇది నా సెల్లి. కుళాయిల్లో నీల్లు రప్పిత్తది, అది సూసి ఓటెయ్యండి!"

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చెల్లెలు నన్ను మింగేసేలా చూసింది.

కొద్దిలో ఓడిపోయింది. "నీ మూలానే" అని ఫోన్ పెట్టేసింది. మైకులో నేను చెప్పింది నిజమే అయినా చెల్లెలు దూరమైందని ఏడ్చాను.

తర్వాతి ఆదివారం చూస్తే గేటు బయట చెల్లెలు, చేతిలో సంచి. లోపలికి రాదు, వెళ్ళిపోదు. నేను లేచేలోగానే మా వారు చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి గేటు బార్లా తీశారు.

"ఓడిపోయాక పిలుత్తన్నారేటి బావా?"

"ఓట్లయిపోయాయి కదమ్మా. గెలిచినా ఇవాళే తీసేవాణ్ణి," అంటూ సంచి ఆయనే అందుకున్నారు. "చేపలు పాపం పోటీయే చెయ్యలేదు."

చెల్లెలు పకపకా నవ్వింది. తర్వాత నా వైపు చూడకుండానే, "అక్కకి మాత్రం తోక ముక్కే," అంది.

ఆ తోక ముక్కని ఎంత ఇష్టంగా తిన్నానో!